అదే రోజు ఇంప్లాంట్ వేయించుకున్న ముందరి పన్ను: పైకి పోయిన చిగురు మళ్లీ దిగుతుందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. అనంతపురంలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. స్కూల్లో చదివేటప్పుడు పడి దెబ్బ తగిలిన పై ముందరి పన్నుకు అప్పట్లోనే రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. మొన్న ఎండాకాలంలో ఆ పంటి వేరు చీలింది. పన్ను తీసిన రోజే ఇంప్లాంట్ (పంటి వేరుకు బదులు ఎముకలో బిగించే టైటానియం స్క్రూ) వేసి, దాని మీద టెంపరరీ క్యాప్ పెట్టారు. ఇప్పటికి నాలుగు నెలలు. పక్క పన్నుతో పోలిస్తే దీని చిగురు పైకి పోయింది, పన్ను పొడుగ్గా కనిపిస్తోంది. ఒక పక్క సందులో చిన్న నల్ల మూల కూడా ఉంది. డాక్టరుగారు 'మామూలే, సెట్ అవుతుంది, వచ్చే నెల పర్మనెంట్ క్యాప్ వేసేద్దాం' అంటున్నారు. చిగురు మళ్లీ దిగుతుందా? బెంగళూరు వెళ్లి చూపించుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మా, మీరు చెప్పినవి రెండు వేర్వేరు సంగతులు. వాటిని ఒకే గాటన కట్టకూడదు. సందులో కనిపించే నల్ల మూల నెలలు గడిచేకొద్దీ చాలావరకు పూడే అవకాశం ఉంది. పన్ను నడిమధ్యలో పైకి పోయిన చిగురు మాత్రం తనంతట తాను దిగదు. 'సెట్ అవుతుంది' అన్న మాట మొదటిదానికి సరిపోతుంది, రెండోదానికి సరిపోదు. కాబట్టి పర్మనెంట్ క్యాప్ వచ్చే నెలే వేయించుకోవద్దు. ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్తాను. నేను కర్నూలులో చిగుళ్ల వైద్యం చేస్తాను. ఇలాంటి కేసులు మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా పర్మనెంట్ క్యాప్ వేసేశాకే. మీరు అంతకుముందే అడిగారు, అది మంచిదైంది.

పై ముందరి పళ్లకు పెదవి వైపున ఉండే ఎముక చాలా పలుచన. ఎక్కువమందిలో అది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ పలుచని గోడకు రక్తం చాలావరకు పంటి వేరు చుట్టూ ఉండే పీచు పొర నుంచే అందుతుంది. పన్ను తీస్తే ఆ పొర కూడా పోతుంది, రక్తం తగ్గుతుంది, గోడ కరగడం మొదలవుతుంది. గుంజలు కుంగితే పందిరి కుంగినట్టే, ఎముక తగ్గితే మీద ఉన్న చిగురూ తగ్గుతుంది. పన్ను తీసిన చోటే వెంటనే ఇంప్లాంట్ పెడితే ఎముక కరగకుండా ఆగుతుందని ఒకప్పుడు చాలామంది నమ్మేవారు. అరౌజో, లిండే అనే పరిశోధకులు కుక్కల మీద చేసి 2005లో ప్రచురించిన పరిశోధనల్లో అది నిజం కాదని తేలింది. ఇంప్లాంట్ ఉన్నా పెదవి వైపు గోడ కరుగుతూనే ఉంది. ఇంప్లాంట్ పంటి స్థానాన్ని తీసుకోగలదు కానీ ఆ పీచు పొర పని చేయలేదు. మన దగ్గర ఇప్పటికీ 'అదే రోజు వేస్తే చిగురు, ఎముక ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి' అని చెప్పే క్లినిక్కులు ఉన్నాయి. ఆ మాట సగమే నిజం.

దాన్ని బట్టి ఈ పద్ధతే తప్పని అనుకోకండి. ఒక్కటే ఆపరేషన్, ముందరి పన్ను లేకుండా ఒక్క రోజు కూడా క్లాసులో నిలబడాల్సిన పని ఉండదు, ఇంప్లాంట్ నిలబడే అవకాశమూ బాగానే ఉంటుంది. కాలిఫోర్నియాలోని లోమా లిండా యూనివర్సిటీలో జోసెఫ్ కాన్ బృందం 35 మందిని ఇలాగే చూసింది. పై ముందరి పన్ను తీసిన రోజే ఇంప్లాంట్, దాని మీద టెంపరరీ క్యాప్. 2003లో ఏడాది ఫలితాలు, 2011లో సగటున నాలుగేళ్ల తర్వాతి ఫలితాలు ప్రచురించారు. ఇంప్లాంట్లన్నీ నిలిచాయి. కానీ పన్ను మధ్యలోని చిగురు ఏడాదికి సగటున 0.55 మిల్లీమీటర్లు, నాలుగేళ్లకు 1.13 మిల్లీమీటర్లు పైకి జరిగింది. సందుల్లోని చిగురు మొనలు మాత్రం దీనికి పూర్తిగా ఎదురుగా నడిచాయి. ఏడాదికి ఒక పక్క 0.53, మరో పక్క 0.39 మిల్లీమీటర్లు తగ్గినవి, తర్వాత తిరిగి పెరిగాయి, నాలుగేళ్లకు ఆ తగ్గుదల 0.22, 0.21 మాత్రమే మిగిలింది. నేను పైన 'ఒకే గాటన కట్టకూడదు' అన్నది ఇందుకే.

అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది. చిగురు మందంగా ఉన్నవాళ్లలో మధ్య చిగురు సగటున 0.56 మిల్లీమీటర్లు తగ్గితే, పలుచని చిగురు వాళ్లలో 1.50 తగ్గింది. మీ చిగురు ఏ రకమో తెలుసుకోవడం సులభం. ప్రోబ్ అనే సన్నని పుల్లలాంటి పరికరాన్ని పక్క పంటి చిగురు లోపలికి మెల్లగా పెడతారు. దాని నీడ చిగురు మీద నుంచి కనిపిస్తే పలుచని చిగురు, కనిపించకపోతే మందమైనది. మీ డాక్టరుగారు ఆ పరీక్ష చేశారో లేదో నాకు తెలీదు, చేయడానికి అర నిమిషం చాలు.

పలుచని చిగురు మీ తప్పు కాదు, పుట్టుకతో వచ్చేది. ఇంప్లాంట్ ఎక్కడ కూర్చుందన్నది మాత్రం చేసినవాళ్ల చేతుల్లో ఉంటుంది. చిగురు ఎంత పైకి పోతుందన్నదాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తేల్చేది అదే. ఆస్ట్రేలియాలో ఎవాన్స్, చెన్ 2008లో చూపినది ఇది: ఇంప్లాంట్ పెదవి వైపు జరిగి కూర్చున్న చోట చిగురు సగటున 1.8 మిల్లీమీటర్లు పైకి పోతే, అంగిలి వైపు కూర్చున్న చోట 0.6 మాత్రమే పోయింది. మూడు రెట్ల తేడా. పన్ను తీసిన గుంతలో డ్రిల్ సహజంగానే పెదవి వైపుకు జారుతుంది, ఎందుకంటే అంగిలి వైపు గోడ గట్టిగా ఉండి డ్రిల్‌ను నెట్టేస్తుంది. చేయి తిరిగిన డాక్టర్లు కావాలనే అంగిలి వైపు ఆనించి డ్రిల్ చేస్తారు. అప్పుడు పెదవి వైపున ఇంప్లాంట్‌కూ ఎముకకూ మధ్య రెండు మిల్లీమీటర్ల దాకా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో క్లినిక్కుల్లో బోన్ పౌడర్ అని పిలిచే గ్రాఫ్ట్ నింపుతారు. మీకు నింపారా అని అడగండి. పలుచని చిగురు ఉన్నవాళ్లకు అంగిలి నుంచి చిన్న కండ ముక్క తీసి పెదవి వైపు చిగురు కింద పెట్టడం కూడా అదే రోజు చేసి ఉండాల్సింది. చేయలేదంటే ఇప్పుడు చేయవచ్చు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు మీరు ఇంట్లో చూసుకోవాల్సింది ఒకటి ఉంది. మీది కొత్తగా పాడైన పన్ను కాదు, చిన్నప్పటి నుంచి క్యాప్ ఉన్న పన్ను. అలాంటి పళ్లకు పాత క్యాప్ అంచు దగ్గర చిగురు ముందే కాస్త పైకి పోయి ఉండటం చాలా మామూలు. పెళ్లి ఫొటోలో, కాలేజీ ఫంక్షన్ ఫొటోలో మీరు పళ్లు కనిపించేలా నవ్విన ఫొటో ఒకటి వెతికి, పెద్దది చేసి చూడండి. రెండు ముందరి పళ్ల చిగురు అప్పట్లో సమానంగా ఉందా? లేకుంటే ఇప్పుడు కనిపించే తేడా అంతా ఇంప్లాంట్ వల్ల వచ్చినది కాదు. ఆపరేషన్‌కు ముందు డాక్టరుగారు ఫొటో తీసి ఉంటే అది అడిగి తీసుకోండి. ఇకముందు రెండు వారాలకోసారి అదే కిటికీ దగ్గర, అదే దూరం నుంచి, పెదవి ఎత్తిపట్టుకుని, చిగురును టిష్యూతో తుడిచి ఒక ఫొటో తీయించుకోండి. సెల్ఫీ వద్దు, ఫోను కోణం మారితే అర మిల్లీమీటరు ఇట్టే కలిసిపోతుంది. చిగురు వేగంగా తగ్గేది మొదటి మూడు నెలల్లో. మీరు నాలుగో నెలలో ఉన్నారు. రెండు మూడు ఫొటోల్లో గీత కదలకపోతే ఆ వేగం తగ్గి ప్రస్తుతానికి చిగురు నిలకడగా ఉందని అర్థం. కదులుతూ ఉంటే అది వేరే కథ.

రక్తం, చీము, నొక్కితే నొప్పి, చిగురు ఉబ్బి ఎర్రబడటం, ఇంప్లాంట్ కదలడం, వీటిలో ఏదున్నా ఫొటోల కోసం ఆగకండి, వెంటనే చూపించుకోండి. టెంపరరీ క్యాప్‌ను సిమెంట్‌తో అంటించి ఉంటే చిగురు కింద మిగిలిపోయిన సిమెంట్ ముక్క కూడా ఇలా చేయగలదు. స్క్రూతో బిగించిన క్యాప్ అయితే ఆ బాధ లేదు. పైగా విప్పి సరిచేయడమూ తేలిక.

ఇప్పుడు మీ డాక్టరుగారి దగ్గర ఏం అడగాలి? సీబీసీటీ స్కాన్ (దవడను అన్ని వైపుల నుంచి చూపే 3డి ఎక్స్-రే) అడగండి, మామూలు చిన్న ఎక్స్-రే సరిపోదు. చిన్న ఎక్స్-రేలో ఇంప్లాంట్ ఎడమకు, కుడికి ఎలా ఉందో తెలుస్తుంది కానీ పెదవి వైపు ఎంత ఎముక ఉందో తెలియదు. సీబీసీటీలోనూ లోహం చుట్టూ నీడ పడి పలుచని ఎముక సరిగ్గా కనబడదు. అయినా ఇంప్లాంట్ కోణం, లోతు స్పష్టంగా తెలుస్తాయి. మనకు కావలసింది అదే. ఇంప్లాంట్ తల, చిగురు ఉండాల్సిన గీతకు మూడు, నాలుగు మిల్లీమీటర్ల లోతులో, పెదవి వైపు గీత కంటే కాస్త లోపలికి ఉంటే నయం చేయడానికి చాలా దారులున్నాయి. పెదవి వైపు పొడుచుకొచ్చి ఉంటే దారులు తగ్గిపోతాయి.

ఇంప్లాంట్ సరైన చోట ఉందనుకుందాం. మొదట చేయాల్సింది కత్తి పట్టని పని, టెంపరరీ క్యాప్ ఆకారం మార్చడం. ఇది చాలా చోట్ల చేయరు, నాకు మాత్రం చిగురు వైద్యంలో ఇంతకంటే ముచ్చటైన పని లేదు. క్యాప్ మెడ దగ్గర పెదవి వైపు ఉబ్బుగా ఉంటే అది చిగురును పైకి నెడుతుంది. ఆ ఉబ్బు అరగదీసి చదునుగా, కాస్త లోపలికి వంగేలా చేస్తే చిగురుకు జాగా దొరికి, మందమై, కొంత కిందికి జారుతుంది. పక్కల దగ్గర చేయాల్సింది దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ కాంపోజిట్ అనే పంటి రంగు పదార్థం కొంచెం చేర్చి సందులోని చిగురు మొనకు ఆనుడు ఇస్తాం. ఇలా మార్చిన క్యాప్‌ను మళ్లీ స్క్రూతో బిగించేటప్పుడు దగ్గరగా చూస్తే చిగురు పాలిపోయి తెల్లగా అవుతుంది. పేషెంట్ 'బిగుతుగా ఉంది మేడమ్' అంటుంది. అద్దం ఇచ్చి కూర్చోబెడతాం. ఐదు నిమిషాలకు అంచున గులాబీ రంగు వస్తుంది, పది పదిహేను నిమిషాల్లో మొత్తం మామూలు రంగుకొస్తే ఆ ఒత్తిడి చిగురు తట్టుకోగలదన్న మాట. అప్పటికీ తెలుపు పోకపోతే క్యాప్ విప్పి ఇంకాస్త తగ్గించాల్సిందే. రక్తం అందని చిగురు తర్వాత ఇంకా పైకి పోతుంది. ఒక్కసారితో అయ్యే పని కాదు. రెండు మూడు వారాల ఎడం ఇచ్చి, కొద్దికొద్దిగా చేయాలి. ఈ ఓపిక లేకనే చాలామంది 'సెట్ అవుతుంది' అనేసి పర్మనెంట్ క్యాప్ వేసేస్తారు.

నల్ల మూలకు కూడా ఇదే మందు. సందులోని చిగురు మొనకు ఆధారం ఇంప్లాంట్ వైపు ఎముక కాదు, పక్క సహజ పంటి ఎముక. న్యూయార్క్‌లో టార్నో బృందం 1992లో సహజ పళ్ల మీద కొలిచింది. రెండు పళ్లు తాకే చోటు నుంచి ఎముక అంచుకు ఐదు మిల్లీమీటర్లలోపు ఉంటే సందు దాదాపు అందరిలో నిండి ఉంది. ఆరు అయితే సగం మందిలో, ఏడు అయితే నాలుగో వంతు మందిలో నిండింది. మీ పక్క పళ్లు బాగుంటే సందు నిండే అవకాశాలు మీవైపే ఉన్నాయి. నిండకపోతే పర్మనెంట్ క్యాప్‌లో పళ్లు తాకే చోటును కాస్త చిగురు వైపు జరిపిస్తే మూల కనబడదు. అందుకని నల్ల మూల గురించి నిద్ర పాడుచేసుకోవద్దు.

క్యాప్ మార్చినా మధ్య చిగురు తేడా మిగిలితే అంగిలి నుంచి కండ ముక్క తీసి చిగురు కింద పెట్టి, చిగురును కిందికి జరిపి కుట్టాలి. ఇందులో ఫలితం ఎలా చేశారన్నదాని మీద ఆధారపడుతుంది. 2008లో బుర్‌కార్ట్ బృందం పదిమందికి చేసి ఆరు నెలలకు సగటున 66 శాతం కప్పగలిగింది, ఒక్కరికీ పూర్తిగా రాలేదు. 2013లో ఇటలీలో జుకెల్లీ బృందం ముందుగా క్యాప్ తీసేసి, ఇంప్లాంట్‌కూ క్యాప్‌కూ మధ్య ఆనించే ముక్కను సన్నబరిచి, చిగురుకు జాగా ఇచ్చి, ఆ తర్వాత ఆపరేషన్ చేసి, కొత్త క్యాప్‌ను నెలల తర్వాతే వేసింది. ఇరవైమందిలో సగటున 96 శాతం దాకా కప్పింది. ఆపరేషన్ రెండింటిలోనూ అదే కోవది. తేడా వచ్చింది క్యాప్ తీసి, తీరిగ్గా చేయడంలో. మీకు టెంపరరీ క్యాపే ఉంది కాబట్టి ఆ లాభం మీ చేతిలో ఉంది. పర్మనెంట్ క్యాప్ వేశాక ఇదే పనికి ఆ డబ్బు వృథా చేసి క్యాప్ విరగ్గొట్టాల్సి వస్తుంది.

ఇంప్లాంట్ పెదవి వైపు బాగా వాలి ఉందని స్కాన్‌లో తేలితే కండ ముక్క పెట్టినా ఎక్కువ కాలం నిలవదు. కోణం ఉన్న ఆనించే ముక్కలతో క్యాప్‌ను సర్దవచ్చు, చిగురును సర్దలేం. అప్పుడు రెండే మిగులుతాయి. తేడా తక్కువైతే అలాగే వదిలేయడం, ఎక్కువైతే ఇంప్లాంట్ తీసి ఎముక నింపి మళ్లీ మొదలుపెట్టడం. తీయడం మాట వినగానే అందరూ జడుసుకుంటారు. నాలుగో నెలలో తీయడం నాలుగో ఏట తీయడం కంటే చాలా తేలిక.

వదిలేయడం అనే దారిని తక్కువగా చూడకండి. మాట్లాడేటప్పుడు, మనసారా నవ్వినప్పుడు మీ పై పెదవి ఎక్కడిదాకా లేస్తుంది? మీకు తెలియకుండా ఇంట్లో ఎవరినైనా వీడియో తీయమనండి. చిగురు అంచు అసలు కనబడకపోతే ఒక మిల్లీమీటరు తేడా అద్దంలో పెదవి ఎత్తి చూసుకునే మీకు తప్ప ఎవరికీ తెలియదు. దానికోసం అంగిలి కోయించుకోమని నేను చెప్పను. చిగురు బాగా కనిపించే నవ్వు అయితే వేరే సంగతి. ఇంకొందరు 'పక్క పంటి చిగురు కూడా కత్తిరించి సమానం చేద్దాం' అంటారు. ఆరోగ్యంగా ఉన్న సహజ పంటి వేరును బయటపెట్టి సమానం చేయడం నాకు నచ్చని పని. పక్క చిగురు నిజంగా పంటి మీదికి ఎక్కువగా దిగి ఉంటే తప్ప ఒప్పుకోకండి.

చిగురు మీద బూడిద రంగు నీడ కనిపిస్తోందా? మీరు రాయలేదు, కానీ పలుచని చిగురులో వస్తుంది. టైటానియం రంగు చిగురు గుండా కనబడటమే అది. చిగురు మూడు మిల్లీమీటర్ల మందం ఉంటే తెలియదు, రెండు లోపల ఉంటే తెలుస్తుంది. పర్మనెంట్ క్యాప్‌కు ఆనించే ముక్కగా జిర్కోనియా (పింగాణీ లాంటి తెల్లని పదార్థం) ఎంచుకుంటే ఈ నీడ తగ్గుతుంది.

అప్పటిదాకా టెంపరరీ పంటితో కొరకడం మానండి. జొన్నరొట్టె, నిప్పట్లు, చెరకు, మామిడికాయ ముక్క, ఏదైనా పక్క పళ్లతోనే. ముందుకు కొరికినప్పుడు కింది పళ్లు ఆ క్యాప్‌ను తాకకూడదు. తాకుతుంటే సరిచేయించుకోండి. బ్రష్ మెత్తనిది వాడండి, అడ్డంగా రుద్దకండి. పళ్లపొడి, బొగ్గు, ఉప్పు మాట మరచిపోండి. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. లేకున్నా మన జిల్లాల్లో 34 ఏళ్లకు ఒకసారి పరీక్ష చేయించుకోవడం తప్పు కాదు.

బెంగళూరు సంగతి. అనంతపురం నుంచి బెంగళూరు దగ్గరే, వెళ్లొచ్చు. కానీ పై పని అంతా రెండు మూడు వారాలకోసారి కుర్చీలో కూర్చుని చేసేది, ఒక్కసారి వెళ్లి వస్తే అయ్యేది కాదు. మీకు వేసిన ఇంప్లాంట్ కంపెనీ, సైజు ఉన్న స్టిక్కర్ మీ డాక్టరుగారి రికార్డులో ఉంటుంది. అది లేకుండా వేరేచోటికి వెళ్తే స్క్రూ తిప్పే పరికరం కూడా సరిపోకపోవచ్చు. మొదట ఆయనతోనే మాట్లాడండి. 'సర్, పర్మనెంట్ క్యాప్‌కు ఇంకో మూడు నెలలు ఆగుదాం, ఈలోపు టెంపరరీ ఆకారం మారుద్దాం, సీబీసీటీ చూద్దాం' అనండి. మంచి డాక్టరు దీనికి చిన్నబుచ్చుకోడు. ఆయన ఒప్పుకోకపోతే ఇంకో అభిప్రాయం తీసుకోండి. కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ, కర్నూలులో జి. పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉన్నాయి. చిగుళ్ల విభాగం అడిగి స్కాన్, పాత ఫొటోలు, స్టిక్కర్ పట్టుకుని వెళ్తే సరి.

ఇంకొకటి, అనంతపురం కాబట్టి చెప్తున్నా. చిన్నప్పుడు బోరు నీళ్లు తాగి పెరిగి ఉంటే మీ మిగతా పళ్ల మీద ఫ్లోరైడ్ గారలు, తెల్ల మచ్చలు ఉండవచ్చు. పర్మనెంట్ క్యాప్ రంగుకు ల్యాబ్‌ వాళ్లకు ఒక్క షేడ్ నంబరు మాత్రమే చెప్పి చేయిస్తే అది తెల్లగా, కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మిగతా పళ్లకు ఏమైనా చేయించుకోవాలనుకుంటే అది ముందే కానివ్వండి, క్యాప్ రంగు తర్వాత తీసుకోవాలి. రంగు తీసుకునే రోజు పళ్లు తడిగా ఉన్నప్పుడే ఫొటో తీయించి ల్యాబ్‌కు పంపమనండి. కాసేపు నోరు తెరిచి ఎండబెడితే పళ్లు ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తాయి. గారలు ఏ మూలన ఎంత ఉన్నాయో టెక్నీషియన్ ఆ ఫొటోలో చూసుకుని క్యాప్‌లోనే దించగలడు.